క్యాసెట్ల బ్యాకప్: ఈసారి ఫైల్ పేర్లు, పాత్‌ల సంగతి

హరికథల క్యాసెట్లను కంప్యూటర్‌లోకి ఎక్కించే పని దాదాపు అయిపోయింది, ఇప్పుడు వాటిని ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి పంపుతున్నాను. వాడుతున్నవి లైనక్స్ టెర్మినల్ (కమాండ్లు టైప్ చేసే విండో), ఫైళ్లు కాపీ చేసే ఆర్‌సింక్, ఆడియోని కోయడానికి, మార్చడానికి ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్.

ముందుగా ఒకటి తెలియాలి. మనం టైప్ చేసిన లైన్ నేరుగా టూల్‌కి చేరదు, షెల్ (టెర్మినల్‌లో కమాండ్లు అందుకునే ప్రోగ్రామ్) దాన్ని ముందు చదివి, ఖాళీల దగ్గర ముక్కలు చేసి, * ఉన్నచోట ఫోల్డర్‌లోని పేర్లన్నీ నింపి, ఆ జాబితాని టూల్‌కి ఇస్తుంది. పేరులో ఖాళీ ఉంటే కోట్స్ పెడితే సరిపోతుంది. కానీ పేరు మైనస్ గుర్తుతో మొదలైతే కోట్స్ వల్ల లాభం లేదు, అవి షెల్ దగ్గరే ఊడిపోతాయి, టూల్ మాత్రం ఆ పేరుని ఆప్షన్ (ఎలా పనిచేయాలో చెప్పే సూచన) అనుకుంటుంది. పేర్లకు ముందు -- (ఆప్షన్లు ఇక్కడితో అయిపోయాయని చెప్పే గుర్తు) పెట్టొచ్చు, లేదా * బదులు ./* రాయొచ్చు; ./ అంటే ఇప్పుడున్న ఫోల్డర్ అని.

నేను ./ కే ఖాయమయ్యాను, ఎందుకంటే అది ఇంకో చిక్కునీ తీరుస్తుంది. నా ఫైళ్లలో కొన్ని "6:30 సీతాకళ్యాణం" లాగా టైమ్‌తో మొదలవుతాయి. మొదటి స్లాష్ కంటే ముందే కోలన్ కనబడితే, ఆర్‌సింక్ 6 అనేది ఇంకో కంప్యూటర్ పేరనుకుని దానికి కనెక్ట్ అవ్వాలని చూస్తుంది. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అయితే 6 అనే ప్రోటోకాల్ (http: లాంటిది) లేదంటుంది. ముందు ./ ఉంటే రెండూ దాన్ని మామూలు ఫైల్‌గానే చూస్తాయి.

ఆర్‌సింక్‌లో సోర్స్ ఫోల్డర్ చివర స్లాష్ పెడితే లోపలున్నవి మాత్రమే వెళ్తాయి, పెట్టకపోతే ఫోల్డరే వెళ్లి అవతల దాని పేరుతో కూర్చుంటుంది. డిలీట్ ఆప్షన్ (సోర్స్‌లో లేనివాటిని అవతల తీసేసేది) వాడేటప్పుడు ఈ ఒక్క స్లాష్ వల్ల డిస్క్ మీదున్నవి తుడిచిపెట్టుకుపోవచ్చు, కాబట్టి ముందు డ్రై రన్ (ఏమీ మార్చకుండా ఏం జరుగుతుందో చూపించేది) చేసి, ఏవి పోతాయో లైన్ లైన్ చదవండి. టెన్షన్ ఉండదు.

తెలుగు పేర్లు పెట్టేవాళ్లకి ఇంకో మాట: ఎక్స్‌టీ4లో (లైనక్స్ డిస్క్‌లో ఫైళ్లు దాచే పద్ధతి) పేరు పరిమితి 255 బైట్లు, అక్షరాలు కాదు. యూటీఎఫ్-8లో (అక్షరాల్ని బైట్లుగా రాసే పద్ధతి) తెలుగు గుర్తు ఒక్కోటి 3 బైట్లు, "మ్మ" లాంటి ఒత్తక్షరానికి 9 పోతాయి. కథ, ఊరు, కళాకారుడు, సందర్భం అన్నీ పేరులో పెడదామంటే కుదరదు, అందుకే వివరాలన్నీ పక్కనే ఒక టెక్స్ట్ ఫైల్‌లో రాస్తున్నాను.

ఇక మిగిలింది ప్రతి సైడ్ మొదట్లో ఉన్న బరబర శబ్దం కోసేయడం. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌లో ఆప్షన్ దాని తర్వాత వచ్చే ఫైల్‌కే వర్తిస్తుంది, కాబట్టి మొదలయ్యే సమయాన్ని ఇన్‌పుట్ పేరుకి ముందే రాస్తున్నాను, నేరుగా అక్కడికే దూకుతుంది, పొడుగు సైడ్‌లయినా గబగబా అవుతున్నాయి.