మొక్కలకు డబ్బులుంటాయి, ఈటీపీకి ఉండవు

ఫ్యాక్టరీ నుంచి కలుషిత నీళ్లు వచ్చేట్టయితే ఈటీపీ, అంటే వాటిని శుద్ధి చేసే ప్లాంటు, పెట్టాల్సిందే. లేకపోతే పీసీబీ, అంటే రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి, అనుమతి రాదు కాబట్టి కడతారు. అసలు ఖర్చు దాన్ని రోజూ నడపడంలో ఉంటుంది. కరెంటు, రసాయనాలు, మనుషులు, చివర్లో మిగిలే బురదను తరలించడం, ఇంతా చేసి అమ్ముకోవడానికి రూపాయి సరుకు రాదు. మరి యజమాని ఎందుకు నడుపుతాడు? నోటీసు వస్తుందనో, కరెంటు పీకేస్తారనో భయం ఉంటే నడుపుతాడు. ఫోన్ చేస్తే ఎత్తే మంత్రి ఉన్నాడనుకోండి, ఇంకేం భయం? పైగా పీసీబీ చైర్మన్‌ని నియమించేది రాష్ట్ర ప్రభుత్వమే.

అలాగని అండ ఉన్నవాళ్లు పర్యావరణానికి అసలు ఖర్చే పెట్టరని కాదు. నాయకుడికి ఫొటో పడే చోట పెడతారు. మంత్రిగారు నాటే మొక్కలు, చెరువు గట్టు మీద బెంచీలు, పక్కన పెద్ద ఫ్లెక్సీ. 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సీఎస్ఆర్‌కి, అంటే సామాజిక సేవకి, పెట్టాలి కదా, మొక్కలు ఆ లెక్కలోకి వస్తాయి, సొంత ఈటీపీ నడిపిన ఖర్చు రాదు. (రూల్ సరైనదే, ఎవడి చెత్త వాడు ఎత్తుకోవడం సేవేం కాదు.)

ఢిల్లీ స్థాయిలో గనులు, లోహాల కంపెనీ వేదాంత సంగతి చూడండి. తమిళనాడు తూత్తుకుడిలోని వాళ్ల స్టెరిలైట్ రాగి ఫ్యాక్టరీ చేసిన కాలుష్యానికి 100 కోట్లు కట్టమని 2013లో సుప్రీంకోర్టు చెప్పింది. 2014లో ఢిల్లీ హైకోర్టు, వేదాంత గ్రూపు కంపెనీల నుంచి కాంగ్రెస్, బీజేపీ రెండూ తీసుకున్న డబ్బు విదేశీ విరాళాల చట్టానికి విరుద్ధమని తేల్చింది. పార్టీల మీద చర్య ఏమైందంటారా, 2016లో చట్టంలో ‘విదేశీ’ డబ్బు అంటే ఏదన్న నిర్వచనాన్నే పాత తేదీ నుంచి వర్తించేలా మార్చేశారు! 2018 మేలో అదే ఫ్యాక్టరీ మీద జనం తిరగబడితే పోలీసు కాల్పుల్లో 13 మంది చనిపోయారు, ఆ తర్వాతే తమిళనాడు ప్రభుత్వం దాన్ని శాశ్వతంగా మూసేయమని ఆదేశించింది. పార్టీలకు విరాళాలిచ్చేందుకు కొన్న ఎన్నికల బాండ్ల జాబితా 2024లో బయటపడింది, అందులోనూ వేదాంత ఉంది, మన హైదరాబాద్ ఫార్మా కంపెనీలూ ఉన్నాయి. ఆ విరాళాలకీ కాలుష్యానికీ లంకె ఉందని నేను రుజువు చేయలేను. కానీ ఏ ఖర్చు ఎక్కడ పెడితే లాభమో లెక్కలేసే యజమానికి ఇవన్నీ కనిపించవా?

నాకైతే ఈటీపీకి వేరే మీటరు పెట్టించి, వార్షిక నివేదికల్లో మొక్కల ఫొటోల పక్కనే దాని నెలవారీ కరెంటు బిల్లులు కూడా వేయమనాలని ఉంది. ప్లాంటు నడిచిందో లేదో అందులోనే తేలిపోతుంది.