వాల్తేరు ఎత్తుల్లో సైకిలు

విశాఖపట్నంలో ఆర్కే బీచ్ రోడ్డు మీద ఉదయం పూట కొంతసేపు వాహనాలను అనుమతించరు కనుక, ఆ తీరాన్ని సైకిలు మీద చూడదలచినవారికి అంతకన్నా అనువైన వేళ లేదు. బస చేసిన వీధిలోనే ఒక దుకాణంలో సైకిలు అద్దెకు తీసుకుని, సముద్రం కుడిచేతి వైపు ఉండగా, కురుసుర జలాంతర్గామినీ దానికి ఎదురుగా నిలిపిన టీయూ-142 నిఘా విమానాన్నీ దాటి, లాసన్స్ బే మీదుగా తెన్నేటి పార్కు దాకా వెళ్లాను. దారి పొడవునా ఉప్పుగాలి తప్ప అలసట తెలియలేదు.

తిరుగుదారిలో చినవాల్తేరు మీదుగా ఆంధ్ర విశ్వవిద్యాలయం వైపు మళ్లేసరికి ఎత్తు మొదలైంది. కొంతదూరం దిగి నడిపించుకుంటూ మద్దిలపాలెం కూడలి చేరాను. అక్కడి నుంచి బస్సులో సింహాచలం వెళ్లాలని ఉన్నా, సైకిలును తెచ్చిన చోటే అప్పగించాలి కాబట్టి మళ్లీ బీచ్‌కు దిగి, ఆటోలో అదే కూడలికి రావలసి వచ్చింది. మన ఊళ్లలో గంటల లెక్కన సైకిళ్లు అద్దెకిచ్చే పాత పద్ధతికీ, నగరాలు నడిపే ఉమ్మడి సైకిళ్ల వ్యవస్థకూ ఉన్న అసలు తేడా ఇదే: రెండవదానిలో ఒక స్టాండులో తీసుకున్న సైకిలును మరొక స్టాండులో వదిలి మన దారిన మనం పోవచ్చు.

1965లో ఆమ్‌స్టర్‌డామ్‌లో తాళం లేని తెల్ల సైకిళ్లను వీధుల్లో వదిలిన ప్రయత్నం నిలవలేదు. సైకిలు ఎవరి చేతిలో ఉందో కార్డు ద్వారా తెలిసే ఏర్పాటుతో 2005లో లియోన్, 2007లో పారిస్ పెద్ద ఎత్తున మొదలుపెట్టాక ఈ పద్ధతి ప్రపంచమంతా పాకింది. మనకు దగ్గరలో మైసూరు 2017లో 450 సైకిళ్లతో ఆరంభించింది. నగరానికి కలిగే మేలు పొగ తగ్గడం ఒక్కటే కాదు. పావుగంటలో కిలోమీటరు నడిచే మనిషి అదే సమయంలో సైకిలు మీద మూడు కిలోమీటర్లు వెళతాడు. అంటే ఒక బస్‌స్టాపుకు అందుబాటులో ఉండే ప్రాంతం సుమారు తొమ్మిది రెట్లవుతుంది. కొత్త బస్సు ఒక్కటీ కొనకుండా ఇంత లాభం తెచ్చే ఉపాయం మరొకటి నాకు తోచదు.

అయితే విశాఖ చదునైన ఊరు కాదు. సిరిపురం నుంచి సాయంత్రం బీచ్‌కు దిగే విద్యార్థి తిరిగి తొక్కుకుంటూ ఎక్కుతాడని ఆశించలేము. సైకిళ్లన్నీ కింద పోగుపడి, పైన స్టాండ్లు ఖాళీ అవుతాయి. పారిస్‌లోనూ ఇదే చిక్కు వస్తే, ఎత్తైన చోట్ల సైకిలు అప్పగించినవారికి పదిహేను నిమిషాల అదనపు సమయం బహుమతిగా ఇచ్చారు. మన ఉక్కపోతలో ఆ ఆశ చాలదు. బ్యాటరీ సాయంతో నడిచే సైకిళ్లే కావాలి. వాటిని కూడా ముందుగా మద్దిలపాలెం, సిరిపురం, బీచ్ రోడ్ల మధ్య దగ్గర దగ్గరగా ఉంచాలి తప్ప, రుషికొండ దాకా విహారానికి వెళ్లేవారిని చూసి మొదలుపెడితే అది ఆదివారపు వేడుకగానే మిగులుతుంది.