గిజిగాడి గూళ్ల లెక్క: పానగల్ పక్క బాయి, ఈ వానాకాలం

నల్లగొండ నుంచి పానగల్ దాటాక ఉదయసముద్రం వైపు పొలాల్లో ఒక పాత బాయి ఉంది. దాని మీదికి వంగిన తుమ్మ చెట్టు, గట్టున ఈత చెట్లు. ఈ వానాకాలమంతా దీని మీదే దృష్టి పెట్టాను. గూళ్లు ఎన్ని అన్నది కాదు, ఏ గూడు ఎంతవరకు వచ్చింది అన్నది రాస్తున్నాను. కొమ్మలకు వేలాడేవన్నీ పిల్లలున్న గూళ్లు కావు మరి.

జూన్ నెలాఖరు: తొలకరి పడింది, మగ పిట్టల తల మీద పసుపు రంగు తేలింది. ఆడవి అచ్చం ఊరపిచ్చుకల్లా ఉంటాయి, బైనాక్యులర్ లేకుండా తేల్చడం కష్టం. నాది 8x42 (ఎనిమిది రెట్లు దగ్గరగా చూపేది), ఈ పనికి చాలు. గూళ్లన్నీ తుమ్మకు తూర్పు కొమ్మలకే మొదలయ్యాయి. నైరుతి గాలివానకు చెట్టే అడ్డం. మనకూ అదే మేలు: తూర్పున ఇరవై పాతిక మీటర్ల దూరంలో నిలబడితే పొద్దున ఎండ మన వీపు మీద, వెలుగు గూళ్ల మీద. ఇంకా దగ్గరికి పోతే పిట్టలు పని ఆపేస్తాయి. పైగా ఈ బాయికి ఒర లేదు, వానకు గట్టు జారుతుంది. బైనాక్యులర్ కళ్లకు పెట్టుకుని అడుగు వేయొద్దు.

జులై: మగ పిట్ట ఈత ఆకు అంచును ముక్కుతో కొరికి, ఆ కొసను పట్టుకుని ఎగురుతుంది. ఎగిరిన ఊపుకే పీలిక చీలి వచ్చేస్తుంది. అవి 20 నుంచి 60 సెంటీమీటర్ల పొడవుంటాయి. ఒక గూడు పూర్తవడానికి 500 సార్ల దాకా తిరుగుతుందట. ముందు ఒక రింగు అల్లి, దాన్ని టోపీ ఆకారానికి తెస్తుంది. అక్కడ ఆగి, కింద వేలాడుతూ రెక్కలు కొట్టుకుని ఆడ పిట్టలను పిలుస్తుంది. ఆడది లోపలికి దూరి అల్లికను లాగి చూస్తుంది. నచ్చితేనే గుడ్ల గది, కింది గొట్టం పూర్తవుతాయి. నచ్చకపోతే ఆ టోపీ అట్లాగే ఎండిపోతుంది. అందుకే నా నోట్‌బుక్‌లో రింగు, టోపీ, గొట్టం అని మూడు గడులు. పచ్చగా ఉంటే కొత్త అల్లిక, గోధుమ రంగుకు తిరిగితే పాతది. నెలాఖరుకు తుమ్మకు మొత్తం 23: రింగులు 4, టోపీలు 14, గొట్టం దాకా వచ్చినవి 5. ఉత్త మొత్తమే రాసుకుంటే 23 జంటలనిపిస్తుంది!

చెట్టును ఒకే చోటు నుంచి ఫోన్‌తో ఫొటో తీసి, ప్రింట్ మీద గూళ్లకు నంబర్లు వేశాను. తికమక తగ్గింది.

ఆగస్టు: నాట్లు పడ్డాక వరి ఆకు పీలికలూ కనిపించాయి. ఒక ఆడది గుడ్ల మీద కూర్చోగానే ఆ మగది పక్క కొమ్మకు ఇంకో గూడు మొదలుపెట్టింది. ఈ తీరును పక్షి శాస్త్రవేత్త సలీం అలీ 1930లో మహారాష్ట్ర తీరంలోని కిహింలో గమనించారు. దాన్ని మన బాయి దగ్గర కళ్లారా చూడటం నాకెంతో సంతోషం. పొదగడానికి రెండు వారాలు, పిల్లలు ఎగరడానికి ఇంకో రెండు వారాలకు పైనే పడుతుంది కాబట్టి వారానికోసారి వెళ్తే చాలు. ఆడది పురుగు పట్టుకుని గొట్టంలోకి దూరితే పక్షుల వివరాలు నమోదు చేసే ఈబర్డ్ వెబ్‌సైట్‌లో, పిల్లలకు మేత తెస్తోందని తెలిపే కోడ్ పెడుతున్నాను. అంతకన్నా గట్టి ఆధారం కింద నిలబడి దొరకదు.

పొలం పెద్దాయన ఒకసారి ఆగి అడిగారు: "ఏం రాస్తున్నవ్ బిడ్డా?" చెప్పాను. "మునుపు ప్రతి బాయికీ గూళ్లుండె. బోర్లొచ్చినంక బాయిలు పూడ్చిన్రు, చెట్లు కొట్టిన్రు" అన్నారు. దీపం కోసం గిజిగాళ్లు గూట్లో మిణుగురులను మట్టికి అంటిస్తాయని కూడా చెప్పారు. రాలిపడిన ఒక టోపీలో నాకు మట్టి ముద్దలు మాత్రం కనిపించాయి. ఆయన మాట వల్లే, చుట్టుపక్కల ఏ బాయికి గూళ్లున్నాయో, ఏది పూడిపోయిందో వేరే పేజీలో రాయడం మొదలుపెట్టాను. నాకిప్పుడు గూళ్ల లెక్క కన్నా ఈ పేజీయే ముఖ్యమనిపిస్తోంది.

సెప్టెంబరు చివర: మగవాటి పసుపు వెలిసిపోతోంది. షోకేస్ కోసం ఖాళీ గూళ్లు కోసుకెళ్లేవాళ్లకు ఒక మాట: వదిలేసిన గూళ్లలో సిల్వర్‌బిల్ అనే చిన్న పిట్టలు కాపురం పెడతాయి, కొయ్యకండి. వాటి కోసం నోట్‌బుక్‌లో నాలుగో గడి గీశాను. వరి కోతలయ్యాక కూడా వెళ్లి చూస్తాను.