సెమీ ఇంటి పక్కన రెండంతస్తులు: ఒకసారి తిరస్కరణ, ఒకసారి అనుమతి (నా అనుభవం)

వాయవ్య లండన్ శివార్లలో 1930లలో కట్టిన సెమీ ఇల్లు మాది, అంటే నడిమి గోడ పంచుకునే రెండిళ్ల జతలో ఒకటి. మెట్రోపాలిటన్ రైల్వే 1915 నుంచి 'మెట్రోలాండ్' అని ప్రచారం చేసుకున్న పట్టీలోని ఎస్టేట్. కింద ఎర్ర ఇటుక, పైన పెబుల్‌డాష్ (గులకరాళ్లు అద్దిన పూత), ముందు రెండంతస్తుల బే (ముందుకు పొడుచుకొచ్చిన కిటికీల భాగం), పైన మట్టి పెంకుల హిప్ రూఫ్, అంటే పక్కకి కూడా వాలుండే కప్పు. ఇంటి గోడకూ పక్కింటి హద్దుకూ మధ్య గరాజ్ ఉన్న 2.7 మీటర్ల జాగా. అక్కడ కింద ఒక గది, పైన ఒక పడకగది కావాలి.

మొదటి డ్రాయింగ్ మనవాళ్లందరూ వేయించేదే. ముందు గోడకు సమంగా కొత్త గోడ, పాత కొప్పు ఎత్తులోనే కొత్త కొప్పు, లాఫ్ట్ కలిసొస్తుందని పక్క వాలు తీసేసి త్రికోణపు గోడ. ప్లానింగ్ అనుమతికి కౌన్సిల్‌లో పెడితే ఎనిమిదో వారంలో తిరస్కరణ వచ్చింది. కారణాలు రెండు: టెర్రసింగ్ ఎఫెక్ట్, జత సమతూకం చెడటం.

ఈ రెండు మాటలు చదివి "ఆఫీసర్ గారి అభిరుచి" అనుకుంటే మళ్లీ తిరస్కరణే వస్తుంది. అభిరుచి కాదు, కొలత. కౌన్సిల్ డిజైన్ గైడ్ (ఎక్స్‌టెన్షన్లు ఎలా ఉండాలో చెప్పే పత్రం) తీసుకుని, టేపు పట్టుకుని వీధిలో నడిచాక నాకు అర్థమైంది. ఈ ఎస్టేట్ అందం ఇళ్లలో కంటే ఇళ్ల మధ్య ఖాళీల్లో ఉంది. ఒక జత, తర్వాత కాస్త ఆకాశం, ఒక జత, మళ్లీ ఆకాశం. హిప్ రూఫ్ పక్కకి వాలడం వల్ల పైకి వెళ్లేకొద్దీ ఆ ఖాళీ ఇంకా వెడల్పవుతుంది. నేను హద్దు దాకా రెండంతస్తులు కడితే, రేపు పక్కవాళ్లూ అదే కడితే, జతలు పోయి వీధంతా ఒకే గోడ. అదే టెర్రసింగ్. జతలో ఒక సగం హిప్‌గానూ మరో సగం త్రికోణంగానూ ఉంటే ముఖానికి ఒకవైపే మీసం పెట్టినట్టుంటుంది.

ఇక్కడ ఒక తమాషా. ఇంగ్లాండ్‌లో సెమీకి హిప్ తీసి త్రికోణపు గోడ కట్టుకోవడం, పెంచే ఘనపరిమాణం 50 ఘనపు మీటర్లు దాటకుంటే, మామూలుగా పర్మిటెడ్ డెవలప్‌మెంట్‌లోకే వస్తుంది, దరఖాస్తే అక్కర్లేదు. కన్జర్వేషన్ ఏరియాలో (పాత రూపు కాపాడాలని గుర్తించిన ప్రాంతంలో) మాత్రం కుదరదు. అంటే గైడ్ వద్దన్నదాన్నే చట్టం విడిగా చేసుకోనిస్తుంది. కానీ రెండంతస్తుల పక్క ఎక్స్‌టెన్షన్‌కి అనుమతి తప్పనిసరి. అదే దరఖాస్తులో హిప్ తీసేయడం కూడా కలిపామా, మొత్తాన్నీ గైడ్ కళ్లతోనే చూస్తారు. నా మొదటి తప్పు అదే.

రెండోసారి మార్చినవి ఇవి. పైఅంతస్తు ముందు గోడని ఒక మీటరు వెనక్కి జరిపాం. చూరు ఎత్తు, వాలు పాతవే ఉంచాం. ఈ రెండూ పాటిస్తే కొప్పు దానంతటదే దిగుతుంది: లోతు ఒక మీటరు తగ్గింది కాబట్టి, 45 డిగ్రీల వాలుకి కొప్పు అర మీటరు వెనక్కీ, అర మీటరు కిందికీ వస్తుంది. పక్కన మళ్లీ హిప్పే. చూసేవాళ్లకి పాత ఇల్లు పాత ఇల్లుగానే, కొత్తది దాని చాటున నిలబడినట్టు కనిపిస్తుంది. మా గైడ్‌కి ఇది చాలింది. కొన్ని బరోలు (లండన్ స్థానిక కౌన్సిళ్లు) హద్దు నుంచి కూడా ఒక మీటరు వదలమంటాయి, 2.7 మీటర్ల జాగాలో అలా వదిలితే గది మిగలదు. డ్రాయింగ్‌కి డబ్బులు కట్టకముందే మీ బరో పత్రంలో ఆ ఒక్క వాక్యం వెతుక్కోండి.

ఈ ఒక్క మీటరు ఖరీదు ఎవరూ ముందు చెప్పరు. కింది గోడ ముందుంటుంది, పై గోడ మీటరు వెనక ఉంటుంది. అంటే పై గోడ కింద ఏ గోడా లేదు, గది ఉంది. దాన్ని మోయడానికి స్టీలు బీమ్, దానికి స్ట్రక్చరల్ ఇంజనీర్ లెక్కలు. పై గోడ బయటి పొరలోకి దిగిన వాననీరు సరాసరి కింది గదిలోకి రాకుండా క్యావిటీ ట్రే (గోడ రెండు పొరల మధ్య నీటిని పట్టి బయటికి పంపే పళ్లెం), ముందున్న చిన్న పెంకుల వాలు గోడని తాకేచోట 150 మి.మీ. ఎత్తు లెడ్ ఫ్లాషింగ్ (సీసపు రేకు) కావాలి. ట్రే మర్చిపోతే కింది గది సీలింగు మీద మీటరు లోపలగా మచ్చ తేలుతుంది, పైకప్పు కారుతోందని అందరూ పెంకులు వెతుకుతుంటారు.

వెడల్పు లెక్క: 2.7లో గట్టర్ పక్కింటి మీదికి వేలాడకుండా 100 మి.మీ. వదిలి, క్యావిటీ గోడకి 300 తీసేస్తే లోపల 2.3, ప్లాస్టరింగ్ పోను ఇంకాస్త తక్కువ. కొత్త ఇళ్లలో ఒంటరి పడకగదికి జాతీయ ప్రమాణం 2.15 మీటర్ల వెడల్పు, 7.5 చదరపు మీటర్లు. ఎక్స్‌టెన్షన్‌కి అది వర్తించకపోయినా అంతకు తగ్గితే మంచం పక్కన మనిషి నడవలేడు.

ఇటుక దగ్గర చాలామంది దెబ్బతింటారు. ఇప్పటి ఇటుక ఎత్తు 65 మి.మీ., జాయింటు 10, నాలుగు వరసలకి 300. మా పాత గోడలో నాలుగు వరసలు కొలిస్తే 305, అంటే ఒక అడుగు. ముప్ఫైనాలుగు వరసలు ఎక్కేసరికి 40 మి.మీ. పైగా తేడా, సగం వరస. కలిసేచోట పాత గీతా కొత్త గీతా కలవవు, చూపుకే తెలిసిపోతుంది. దారులు రెండు: 68 మి.మీ. ఇంపీరియల్ ఇటుక తీసుకుని జాయింటు 8 పెట్టడం, లేదా 65 ఇటుకతో జాయింటు 11కి సాగదీయడం. ఏదైనా సరే, పని మొదలైన రోజే పాత వరసలని కర్ర మీద గీతలు పెట్టించి మేస్త్రీ చేతికి ఇవ్వాలి. సగం గోడ లేచాక చెప్తే వినేవాడుండడు. పెంకులు 265 × 165 సైజు, చదరపు మీటరుకి 60. పక్క వాలులో ఊడదీసిన పాత పెంకులు పారేయకుండా ముందు వాలుకి వాడి, కొత్తవి వెనక్కి వేయించాం. రంగు కలిసిపోయింది.

కాగితాలు: 1:1250 లొకేషన్ ప్లాన్ మీద ఎర్ర గీత, 1:500 బ్లాక్ ప్లాన్, ఇప్పుడున్నవీ రాబోయేవీ 1:100 ప్లాన్లు, ఎలివేషన్లు. వీటికి తోడు ఈసారి స్ట్రీట్ సీన్ వేయించాను: మా జత, అటొకటి, ఇటొకటి, మధ్య ఖాళీలకి అంకెలు. అడగకపోయినా జతచేయాల్సిన డ్రాయింగ్ ఇదొక్కటే. పక్కింటి వెనక కిటికీ మధ్య నుంచి 45 డిగ్రీల గీత కూడా ప్లాన్ మీద గీసి, మా గోడ దాన్ని దాటట్లేదని చూపించాలి. ఓనర్‌షిప్ సర్టిఫికెట్‌లో అందరూ 'ఎ' (స్థలమంతా మాదే) టిక్ పెడతారు. పునాది అంగుళం హద్దు దాటినా 'బి' కావాలి, పక్కింటివాళ్లకి నోటీసు ఇవ్వాలి. తప్పు సర్టిఫికెట్‌తో వచ్చిన అనుమతిని తర్వాత సవాలు చేయొచ్చు.

దరఖాస్తు ఫీజు 2025 ఏప్రిల్ 1న 258 నుంచి 528 పౌండ్లయింది. ఒకప్పుడు తిరస్కరించాక ఏడాదిలోపు మళ్లీ పెడితే ఫీజు లేదు. ఇంగ్లాండ్‌లో ఆ వెసులుబాటు 2023 డిసెంబరు 6తో పోయింది. అందుకే ముందు ప్రీ-అప్లికేషన్ సలహాకి (దరఖాస్తుకి ముందే కౌన్సిల్ ఇచ్చే అభిప్రాయానికి) డబ్బు పెట్టడమే మేలు. అప్పీలుకి 12 వారాల గడువుంది గానీ, డ్రాయింగే తప్పైనప్పుడు అప్పీలు దండగ.

వాస్తు కోసం ముఖద్వారం జరపాలనుకునేవాళ్లకి ఒక మాట: పోర్చ్, బే జతలో అద్దంలో బొమ్మల్లా ఉంటాయి. ముందు తలుపు అక్కడే వదిలేయండి, మార్పులేవైనా వెనక చేసుకోండి.

అనుమతి వచ్చాక కూడా పార్టీ వాల్ చట్టం, 1996 (పక్కింటి గోడ, పునాదుల దగ్గర పనికి సంబంధించింది) వేరు. పక్కింటి కట్టడానికి 3 మీటర్ల లోపు వాళ్ల పునాది కంటే లోతుగా తవ్వితే నెల ముందు నోటీసు. 14 రోజుల్లో జవాబు రాకపోతే ఒప్పుకోనట్టే లెక్క, సర్వేయర్లు వస్తారు. మాది లండన్ బంకమట్టి. మీటరుకి తక్కువ తవ్వరు, దగ్గర్లో చెట్టుంటే ఇంకా లోతు. కట్టడం భద్రంగా ఉందా అని చూసే బిల్డింగ్ రెగ్యులేషన్స్ మళ్లీ వేరు.

అనుమతి పత్రంలో షరతులు నాలుగు: మూడేళ్లలో మొదలుపెట్టాలి, ఆమోదించిన డ్రాయింగ్ ప్రకారమే కట్టాలి, ఇటుకా పెంకూ పాతవాటికి సరిపోలాలి, పక్క గోడలో కొత్త కిటికీ పెట్టకూడదు. మెట్ల పైనున్న పాత పక్క కిటికీ ఎక్స్‌టెన్షన్‌తో మూసుకుపోయింది. ఆ వెలుతురు కోసం వెనక వాలులో చిన్న రూఫ్‌లైట్ ముందే డ్రాయింగ్‌లో పెట్టించాం.