జొన్నరొట్టెకు ఏ యంత్రం ఎంతవరకు పనికివస్తుంది?

కర్నూలులో మా ఇంట్లో రాత్రి భోజనమంటే జొన్నరొట్టె, వంకాయ కూర, పక్కన శనక్కాయల పచ్చడి, మా వైపు మాటలో ఊరిబిండి. ఏళ్ల తరబడి పీట మీద అరచేత్తో రొట్టెలు తట్టిన మా అమ్మకు రెండేళ్ల క్రితం మణికట్టు నొప్పి మొదలైంది. ఆ పని మానుకోక తప్పదని డాక్టరు గట్టిగా చెప్పారు. నాకు తట్టడం వచ్చు గాని, ఆఫీసు నుంచి ఏడున్నరకు వచ్చి నలుగురికి పన్నెండు రొట్టెలు తట్టేసరికి భోజనాల వేళ దాటిపోయేది. యంత్రాల సాయం తీసుకుందామని అనుకున్నది అప్పుడే.

మొదట కొన్నది కరెంటు రోటీ మేకర్. అందులో రెండు నాన్‌స్టిక్ పలకలు ఉంటాయి. అవి వేడెక్కాక పిండి ఉండను పెట్టి, పై పలకను పిడితో అదిమితే, ఉండ పలచబడి అక్కడే కాలుతుంది. గోధుమ పిండితో బాగానే వచ్చింది. జొన్నపిండి ఉండను అదమగానే మాత్రం అంచులు పగిలి, నడుమ నుంచి ఆవిరి బుస్సుమని తన్నుకొచ్చి, రొట్టె మూడు ముక్కలైంది. పిండిని పలుచగా కలిపితే పలకకు అతుక్కుంది, గట్టిగా కలిపితే పగిలింది. వారం రోజులు ఇదే తంతు.

కారణం పిండి స్వభావంలోనే ఉంది. గోధుమ పిండిని నీటితో పిసికినప్పుడు అందులోని మాంసకృత్తులు గ్లూటెన్ అనే సాగే వలగా అల్లుకుంటాయి. ఆ వల ఉన్నందువల్లే చపాతీ ముద్ద లాగితే తెగకుండా సాగుతుంది. జొన్నలో గ్లూటెన్ లేదు. జొన్నపిండిని పట్టి ఉంచేది పాక్షికంగా ఉడికిన పిండిపదార్థం ఒక్కటే, అది సుమారు 70 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడికి నీళ్లు పీల్చుకుని ఉబ్బి జిగురుగా మారుతుంది. మన పెద్దలు జొన్నపిండిని మరిగే నీళ్లతోనే కలపడం ఇందుకే. ఆ జిగురు సాగదు, నెమ్మదిగా ఒత్తితే పరుచుకుంటుంది, అంతే. రోటీ మేకర్ అదమడాన్నీ కాల్చడాన్నీ ఒకే క్షణంలో చేస్తుంది కాబట్టి, గోధుమ ముద్ద తట్టుకున్న ఆ దెబ్బను జొన్న ముద్ద తట్టుకోలేదు.

ఈ విషయం బోధపడ్డాక రెండు పనులను విడదీశాను. ఒత్తడానికి ఎనిమిది అంగుళాల పూరీ ప్రెస్ తెచ్చాను. గ్లాసు పిండికి ముప్పావు గ్లాసు నీళ్లు మరిగించి, చిటికెడు ఉప్పు వేసి, స్టవ్ ఆపి, పిండి పోసి గరిటె కాడతో కలిపి, మూతపెట్టి పది నిమిషాలు వదిలేస్తాను. చేయి పట్టే వేడికి వచ్చాక తడిచేత్తో అరచేతి మడమతో నాలుగైదు నిమిషాలు గట్టిగా మెదుపుతాను. రొట్టె పగలకుండా ఉండటానికి అన్నింటికన్నా ముఖ్యమైన పని ఇదేనని నా నమ్మకం. ఆటా కలిపే యంత్రానికీ ఈ పని అప్పగించి చూశాను, కానీ దాని బ్లేడు ముద్దను తెంపుతూ పోయిందే తప్ప నున్నగా మెదపలేదు. ఉండకు పైనా కిందా మందపాటి పాలిథిన్ కాగితం వేసి, ప్రెస్ పిడిని ఒక్కసారిగా కాకుండా, సగం నొక్కి, ఉండను కాస్త తిప్పి, మళ్లీ నొక్కాలి. రొట్టె అమ్మ తట్టినంత పెద్దది కాదు, అంత పలుచనా కాదు. అయినా అంచులు పగలకుండా గుండ్రంగా వస్తుంది.

కాల్చడం మాత్రం ఇనుప పెనం మీదే. రొట్టె వేశాక పై ముఖాన్ని తడిగుడ్డతో తుడిచి, ఆ తడి ఆరుతుండగా తిరగేసి, రెండో వైపు కాలాక నేరుగా మంట మీద పెడితే పొంగుతుంది. ఇండక్షన్ స్టవ్ మీద ఇనుప పెనం పనిచేస్తుంది గాని నడిమి భాగమే ఎక్కువ వేడెక్కుతుంది, పొంగించడానికి మంట ఉండదు. గ్యాస్ అయిపోయిన రోజున తప్ప నేను దాన్ని వాడను.

పిండి పాతదైతే ఏ యంత్రమూ ఆదుకోదు. జొన్న గింజలో మొలకెత్తే భాగంలో నూనె ఉంటుంది. మరలో పిండి పట్టించాక అది గాలి తగిలి చేదెక్కుతుంది, 40 డిగ్రీలు దాటే మా ఊరి ఎండాకాలంలో ఇంకా త్వరగా. అందుకే ఒకసారికి రెండు కిలోలకు మించి పట్టించము.

పక్కన పెట్టిన రోటీ మేకర్‌కు పని చూపింది మా అమ్మే. మిగిలిన రొట్టెలను మరునాడు పొద్దున దాని మీద పెట్టి, పలకను అదమకుండా ఊరికే ఆనించి, రెండు వైపులా తిప్పుతూ ఆరనిస్తే కరకరలాడే కడక్ రొట్టెలవుతాయి. పిల్లలు వాటిని బడికి ఊరిబిండితో పట్టుకెళ్తున్నారు.