రెసిస్టర్ జేబులో ఉందా?

మా ఇన్‌స్ట్రుమెంట్ సెక్షన్‌లో కొత్తగా చేరిన పిల్లల చేతికి నేను మొదట ఇచ్చేది 250 ఓమ్‌ల రెసిస్టర్. హార్ట్ (HART, కొలత పంపే తీగల మీదే పరికరంతో డిజిటల్‌గా మాట్లాడే పద్ధతి) కమ్యూనికేటర్ అనే చేతి పరికరం క్లిప్పులు తగిలించాక డివైస్ దొరకలేదని తెరమీద వస్తే, ట్రాన్స్‌మిటర్ (ప్లాంటులో ఒత్తిడిలాంటివి కొలిచి కరెంటుగా పంపే పరికరం) పోయిందని కంగారు పడతారు. లూప్‌లో, అంటే ఆ తీగల వలయంలో, తగినంత రెసిస్టెన్స్ లేకపోతే పవర్ సప్లైయే కమ్యూనికేటర్ సిగ్నల్‌ని మింగేస్తుంది. రెసిస్టర్‌ని సిరీస్‌లో వేసి, దాని రెండు కొసలకీ క్లిప్పులు పెట్టండి, ట్రాన్స్‌మిటర్ ట్యాగ్ నంబరు (గుర్తింపు నంబరు) వచ్చేస్తుంది. (ముందు ఆపరేటర్‌కి చెప్పి ఆటోమేటిక్ కంట్రోల్ ఆపి లూప్‌ని మాన్యువల్‌లో పెట్టించడం మరిచిపోకండి.)

1980ల్లో ఈ హార్ట్ పద్ధతి కనిపెట్టినవాళ్లకి దండం పెట్టాలి. కొలతని 4-20 మిల్లీఆంప్స్ కరెంటుగా పంపే పాత తీగల జతే చాలు. ఆ కరెంటు మీదే 1200, 2200 హెర్ట్జ్ అలలు ఎక్కిస్తారు, మొదటిది ఒకటి అనే బిట్, రెండోది సున్నా. పైకీ కిందకీ అర మిల్లీఆంప్ ఊగుతాయి కాబట్టి సగటు సున్నా, రీడింగ్ కదలదు. వేగం సెకనుకి 1200 బిట్లే, కానీ పాత కేబుల్ ఒక్కటీ పీకక్కర్లేదు.

ఇక ట్రాన్స్‌మిటర్ సైజు. ఇప్పటి చాలా డీపీ (రెండు వైపుల ఒత్తిడి తేడా కొలిచే) ట్రాన్స్‌మిటర్లలో ఒత్తిడిని పట్టే సిలికాన్ ముక్క కొన్ని మిల్లీమీటర్లే. వేడికి రీడింగ్ పక్కకి జరిగితే లోపలి మైక్రోప్రాసెసరే దిద్దుకుంటుంది. ఒకప్పుడు జీరో (కొలత మొదలు), స్పాన్ (కొలత పరిధి) స్క్రూలు తిప్పేవాళ్లం, ఒకటి కుదిరితే ఇంకోటి జరిగేది. మరి డబ్బా ఇంకా అంత లావెందుకని పిల్లలు అడుగుతారు. లోపల గ్యాస్ అంటుకున్నా మంట బయటికి రాని మందపాటి గోడ కావాలి. కేబుల్ గ్లాండ్ (కేబుల్ లోపలికి దూరే చోట బిగించేది) పట్టాలి. టెర్మినల్ స్క్రూలు చేతికి అందాలి. చిప్ ఎంత తగ్గినా ఇవి తగ్గవు.

నాకు బాధ కలిగించేది వేరే ఉంది. ఈ పరికరాలు తమ బాగోగులు తామే చెప్పుకుంటాయి. కొన్ని మోడళ్లయితే ఒత్తిడిలోని సన్నటి అలజడి మారడాన్ని బట్టి ఇంపల్స్ లైన్ (ఒత్తిడిని ట్రాన్స్‌మిటర్‌కి తెచ్చే సన్న గొట్టం) పూడుతోందని కూడా పసిగడతాయి. కంట్రోల్ రూమ్‌లో ఉన్నది మిల్లీఆంప్స్ మాత్రమే చదివే పాత అనలాగ్ ఇన్‌పుట్ కార్డయితే ఆ కబురు అక్కడే ఆగిపోతుంది. ఎవరో కమ్యూనికేటర్ పట్టుకుని వెళ్లేదాకా బయటపడదు. అంత డబ్బు పోసి కొన్న తెలివిని వాడుకోకపోవడం నాకు మింగుడుపడదు.

2021లో ఈథర్‌నెట్ ఏపీఎల్ (APL) అనే కొత్త డిజిటల్ పద్ధతి వచ్చింది. రెండే తీగలు, పవర్ కూడా వాటిలోనే, సెకనుకి కోటి బిట్లు. కొత్త ప్లాంట్లకి మంచిదే. పాతవాటిలో మాత్రం మార్షలింగ్ ప్యానెల్ (ఫీల్డ్ కేబుళ్లన్నీ వచ్చి చేరే బోర్డు) దగ్గర హార్ట్ మల్టిప్లెక్సర్ (చాలా పరికరాల హార్ట్ కబుర్లు ఒకేచోట చదివేది) పెట్టించమని మీ మేనేజర్‌కి రాసివ్వండి. ఎలాగూ కార్డులు మార్చాల్సి వస్తే, హార్ట్ చదివేవే ఇండెంట్‌లో (కొనుగోలు కోరే పత్రంలో) వేయండి.