ఎనభై నిండిన నాన్నగారితో లొల్ల లాకుల దగ్గర భోజనం

మా నాన్నగారికి ఈమధ్యే ఎనభై నిండాయి. సర్టిఫికెట్లో జూలై 1 అని ఉంటుంది గానీ అది బళ్ళో వేసినప్పుడు మేష్టారు రాసుకున్న తేదీ, అసలు పుట్టింది వ్యాస పౌర్ణమి మర్నాడు అని మా నాయనమ్మ చెప్పేది, ఇంట్లో ఎప్పుడూ అదే లెక్క.

అక్కేమో హైదరాబాద్‌లో ఒక ఫంక్షన్ హాల్ మాట్లాడి మూడొందల మందిని పిలిచి, వెయ్యి పున్నములు చూసిన పెద్దవాళ్ళకి చేసే సహస్ర చంద్ర దర్శనం చేయిద్దాం అంది, నేనేమో అంత హడావిడి ఆయన తట్టుకోలేరు, ఏదైనా మంచి హోటల్లో మనవరకే ఒక గది తీసుకుని భోజనం పెట్టిద్దాం అన్నాను. ఇద్దరి మాటలూ విని నాన్నగారు "వెయ్యి పున్నములు ఇంకా నిండలేదమ్మా, అప్పుడే ఎందుకు" అని అక్కతో అన్నారు, తర్వాత చాలాసేపటికి నాకేసి తిరిగి "నన్నొకసారి లాకుల దగ్గరికి తీసుకెళ్తావేంట్రా" అన్నారు. అమ్మ పోయి నాలుగేళ్ళయింది, ఈ నాలుగేళ్ళలో ఆయన నోరు తెరిచి నాకిది కావాలి అని అడిగింది అదొక్కటే.

నాన్నగారు ఇరిగేషన్‌లో లస్కరుగా చేశారు, అంటే కాలవ షట్టర్లూ నీళ్ళూ చూసుకునే ఉద్యోగం. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర గోదారి నీళ్ళు మూడు డెల్టాలకి పంచుతారు, తూర్పు, మధ్య, పశ్చిమ. మధ్య డెల్టా అంటే మా కోనసీమ. దాని ప్రధాన కాలవ బొబ్బర్లంక దగ్గర మొదలై ఆత్రేయపురం వైపు వస్తుంది, లొల్ల దగ్గర విడిపోతుంది, అక్కడున్నవే లొల్ల లాకులు, సినిమాల్లో చాలామంది చూసే ఉంటారు. కాటన్ దొర తవ్వించిన ఈ కాలవలు పొలాలకే కాదు పడవలకి కూడా, ఎగువ నీటికీ దిగువ నీటికీ ఎత్తు తేడా ఉన్నచోట పడవని మధ్యలో ఆపి అటూ ఇటూ తలుపులు మూసి నీళ్ళు నింపితే పడవ పైకి లేస్తుంది, అప్పుడు పై తలుపు తీసి వదులుతారు, అదీ లాకు. నాన్నగారు ఉద్యోగంలో చేరిన కొత్తలో ధాన్యం, కొబ్బరికాయల పడవలు బాగానే తిరిగేవట, తర్వాత లారీలొచ్చి అన్నీ పోయాయి, ఇక మిగిలిన పని షట్టర్లు ఎత్తడం, దించడం, గేజీ మీద నీటిమట్టం చూసి పుస్తకంలో రాయడం.

దాళ్వా, అంటే రెండో పంట రోజుల్లో ఆయన ఇంటికొచ్చేవారే కాదు. నీళ్ళకి వంతులుండేవి, కాలవ చివర్న ఉండే శివారు రైతులు మాకు నీళ్ళు రావట్లేదని రాత్రుళ్ళు కూడా వచ్చి కూర్చునేవాళ్ళు, అందుకని ఆయన గట్టు వదిలి కదిలేవారు కాదు. నేను సైకిల్ మీద క్యారేజీ పట్టుకెళ్ళేవాణ్ణి, ఆయన షట్టర్ల దగ్గరే గేజీ కనపడేలా గొంతుకూర్చుని నాలుగు ముద్దలు తినేసి గిన్నెలు కాలవలో కడిగి ఇచ్చేసేవారు. మేమందరం ఒక వరసలో కూర్చుని ఆయనతో కలిసి తిన్న రోజులు సంక్రాంతికి తప్ప నాకు పెద్దగా గుర్తులేవు.

సరే, ప్రయాణం. లింగంపల్లి నుంచి గౌతమీ ఎక్స్‌ప్రెస్ ఎక్కాం, నేను, మా ఆవిడ, పిల్లాడు, అక్క, బావగారు, నాన్నగారు, మొత్తం ఆరుగురం. పెద్దవాళ్ళకి బాత్రూమ్‌కి దగ్గరగా కింద బెర్త్ దొరికితే సగం ప్రయాణం గెలిచినట్టే, మాకు దొరికింది. నాన్నగారు రాత్రంతా సరిగ్గా పడుకోలేదు, నిడదవోలు దాటగానే లేచి కిటికీ దగ్గర కూర్చున్నారు. కొవ్వూరు తర్వాత వంతెన మీదకొచ్చేసరికి అప్పుడప్పుడే వెలుగు వస్తోంది, ఆయన కిందకి వంగి చూసి "ఎర్రనీరు వచ్చేసింది" అని పక్కబెర్తుల వాళ్ళకి కూడా వినపడేంత గట్టిగా అన్నారు, వరదతో వచ్చే కొత్తనీరన్నమాట. మా అక్క చిల్లర తీసి అందరి చేతుల్లో తలా రూపాయి పెట్టింది, గోదారిలో వేశాం.

రాజమండ్రిలో కాఫీ తాగి కారు మాట్లాడుకుని ధవళేశ్వరం బ్యారేజీ మీదుగా వెళ్ళాం. మొత్తం 175 గేట్లు, ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు ముక్కలుగా ఉంటుంది, మధ్యలో లంకలు. నాన్నగారు కారు ఆపించి దిగి రెయిలింగ్ పట్టుకుని నిలబడ్డారు. మా పిల్లాడికి చెప్తున్నారు, ఇక్కడ నీరు 11.75 అడుగులకి వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది, మూడోది వచ్చిందంటే లంకల్లో వాళ్ళు గొడ్డూ గోదా తోలుకుని గట్టెక్కాల్సిందే అని. చెవులు సరిగ్గా వినపడక ఇంట్లో అస్తమానం నోరు మూసుకుని కూర్చునే మనిషి అక్కడ పావుగంట ఆపకుండా మాట్లాడారు, వాడు కూడా ఫోన్ జేబులో పెట్టేసి విన్నాడు.

భోజనానికి నేను ముందే ఆన్‌లైన్లో ఒక రిసార్ట్ బుక్ చేశాను, ఏటి ఒడ్డునే మాకొక్కళ్ళకే టేబుల్ వేస్తామన్నారు, సగం డబ్బులు కట్టాను కూడా. ఆ మధ్యాహ్నం ఫోన్ చేసి నీరు పెరుగుతోందండి, ఒడ్డున వెయ్యలేం, లోపల ఏసీ హాల్లో మిగతా గెస్టులతో పాటు పెడతాం అన్నారు. వరదకి వాళ్ళని అనడానికేం లేదు, కానీ కట్టిన డబ్బు వెనక్కి ఇవ్వం అనడం మాత్రం నాకు కష్టమనిపించింది. ఏం చెయ్యాలో తోచక మా పెదనాన్నగారి అబ్బాయికి ఫోన్ చేశాను, అన్నయ్య వాళ్ళది అక్కడికి దగ్గర్లోనే ఊరు, కాలవ గట్టు కింద కొబ్బరితోట ఉంది. "అదేంట్రా, ఇల్లుండగా రిసార్టేంటి, రండి" అన్నాడు, వెనకాల నుంచి వదిన "పులస దొరుకుద్దేమో చూడమనండి" అనడం వినపడింది.

పులస గురించి తెలియనివాళ్ళు దాని ధర విని ఆశ్చర్యపోతారు. సముద్రంలో ఉన్నప్పుడు దాన్ని విలస అంటారు, ఎర్రనీరు రాగానే అది గోదారిలోకి ఎదురీదుకుంటూ వస్తుంది, అలా ఈదడంలోనే దాని రుచి మారిపోతుంది, అప్పుడది పులస. పుస్తెలమ్మైనా పులస తినాలి అనే సామెత ఊరికే పుట్టలేదు. సీజన్ ఇంకా మొదట్లోనే ఉంది, అన్నయ్య నలుగురికి ఫోన్లు చేసి యానాం వైపు నుంచి కేజీన్నర చేప ఒకటి తెప్పించాడు, పద్ధెనిమిది వేలు అయింది. ఎక్కువే, కానీ ఆ డబ్బు గురించి నాకు ఈరోజుకీ ఏ బాధా లేదు.

పులసని ఈరోజు వండి రేపు తినాలంటారు. వదిన ఆ సాయంత్రమే మట్టిదాకలో, కట్టెల పొయ్యి మీద, చింతపండు పులుసు పోసి, బెండకాయలు, పచ్చిమిర్చి వేసి సన్నటి సెగన పెట్టింది, దించేముందు ఆవకాయ మీద తేరిన నూనె రెండు గరిటెలు వేసింది. గరిటె పెట్టి కలపనివ్వలేదు ఎవర్నీ, దాకనే గుడ్డతో పట్టుకుని తిప్పడం.

ఆ రాత్రి వ్యాస పౌర్ణమి. మబ్బుల మధ్య చంద్రుడు కాసేపు కనపడి కాసేపు లేక, తోటలో మంచాలేసుకుని కూర్చున్నాం. నాన్నగారు వేళ్ళమీద లెక్క పెడుతున్నారు. "ఎనభై పన్నెండ్లు తొమ్మిదొందల అరవై, అధిక మాసాలు ఇరవై తొమ్మిది, మొత్తం తొమ్మిదొందల ఎనభై తొమ్మిది, ఇవాళ్టిదాంతో కలిపి. ఇంకా పదకొండు." జీవితమంతా గేజీ పుస్తకం రాసిన మనిషి, తప్పు లెక్క చెప్పరు.

మర్నాడు పొద్దున్నే లాకుల దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయనతో పనిచేసినవాళ్ళు ఎవరూ లేరు, కొత్తగా వచ్చిన కుర్రాడెవరో ఉన్నాడు, పెద్దాయన ఒకప్పుడు ఇక్కడ లస్కరండీ అని చెప్తే "రండి బాబాయ్, కూర్చోండి" అని కుర్చీ తెచ్చి వేశాడు. నాన్నగారు కూర్చోలేదు. కర్ర పోటేసుకుంటూ వెళ్ళి ఒక షట్టర్ దగ్గర చెయ్యి వేసి చాలాసేపు నిలబడ్డారు, ఒకచోట చూపించి "ఇక్కడే కదరా నువ్వు క్యారేజీతో పాటు కాలవలో పడ్డావ్" అన్నారు. నాకు గుర్తులేదు. ఆయనకి ఆ రోజు పప్పుచారు అని కూడా గుర్తుంది.

మధ్యాహ్నం భోజనం తోటలో. కింద కూర్చోడానికి ఆయన మోకాళ్ళు ఒప్పుకోవు, అందుకని ఇంట్లో ఉన్న పాత బల్ల తెచ్చి దానిమీద ఆకులు వేశాం, అందరం బల్ల చుట్టూనే, ఆయన కాలవకి ఎదురుగా. అన్నయ్య వాళ్ళతో కలిపి ఎనిమిది మందిమి, బయటవాళ్ళు ఒక్కళ్ళు లేరు. ముద్దపప్పు, నెయ్యి, కందబచ్చలి కూర, గోంగూర పచ్చడి, తర్వాత పులస. మా ఆవిడ కేక్ తెస్తానంది గానీ ఆత్రేయపురం పక్కనే పెట్టుకుని కేకేంటని పూతరేకులు తెప్పించాం, బెల్లంవి. పొద్దున దారిలో వాటిని చేస్తుంటే పిల్లాడికి చూపించాను, బోర్లించిన కుండ కింద మంట పెట్టి, పల్చటి బియ్యప్పిండి నీళ్ళలో ముంచిన గుడ్డ అలా లాగితే క్షణంలో కాగితంలాంటి రేకు లేస్తుంది.

పులసకి ముళ్ళు ఎక్కువ, వెంట్రుకల్లా ఉంటాయి. నాన్నగారి చేతులు వణుకుతాయి, ఒక కంట్లో చూపు కూడా అంతంతే, అందుకని నేను పక్కన కూర్చుని ముళ్ళు తీసి పెడదామని ఆయన ఆకులో చెయ్యి పెట్టాను. "నువ్వాగు" అన్నారు. చూడకుండానే, వేళ్ళతో తడుముకుంటూ, ఒక్కో ముల్లూ తీసి ఆకు అంచున వరసగా పెట్టారు, అలా శుభ్రం చేసిన ముక్కని పక్కకి వంగి మా పిల్లాడి ఆకులో వేశారు. తర్వాతది నా ఆకులో వేశారు. నాకు యాభై దాటాయి, అది తింటుంటే గొంతు పట్టేసింది, అక్క అటు తిరిగి కళ్ళు తుడుచుకుంటోంది. ఆయన మాత్రం "అన్నం ఇంకొంచెం వెయ్యమ్మా" అని వదినని అడిగి రెండోసారి పులుసు పోయించుకున్నారు. ఇంట్లో రెండు ముద్దలు తిని చాలంటారు. షుగర్ ఉందని తెలిసినా ఒక పూతరేకు మొత్తం తిన్నారు, ఎవ్వరం వద్దనలేదు.

తినడానికి గంటంబావు పట్టింది. మధ్యలో ఒక్కసారి కూడా ఆయన లేవలేదు, చెయ్యి ఎండిపోయినా అలాగే కూర్చుని కాలవకేసి చూస్తూ మాట్లాడుతూనే ఉన్నారు.

తిరుగు రైల్లో పడుకుంటారనుకున్నాను, కానీ అన్నయ్య ఇచ్చిన పంచాంగం తీసి నన్ను చదవమన్నారు. పదకొండో పున్నమి వచ్చే ఏడు అధిక జ్యేష్ఠంలో పడుతోంది. "అధిక మాసంలో వద్దు, ఇంకో నెల ఆగుదాం, ఏరువాక పున్నమికైతే కాలవకి నీళ్ళు వదిలేసి ఉంటారు" అన్నారు. అప్పటికి టికెట్లు ఇంకా ఇవ్వరు నాన్నా అన్నాను. "ఇచ్చే రోజు రాసిపెట్టుకో" అని, కింద బెర్తే తియ్యమని చెప్పి అటు తిరిగి పడుకున్నారు.